కొండ దిగే బండికి కళ్ళెం

బస్తర్ సీమ దక్షిణ భాగంలో ఎద్దు మూపురాన్ని తలపించే కొండల వరుస ఒకటి ఉంది. ఆ పోలికను బట్టే వాటికి బైలాడిలా అనే పేరు వచ్చింది. ఆ కొండల గర్భంలో దొరికేది మేలురకపు ఇనుప ఖనిజం. 1968లో కిరండూల్ వద్ద గని పనులు మొదలైనవి. ఆ ఖనిజాన్ని సముద్రతీరానికి చేర్చడం కొరకే, దానిని కొనదలచిన జపాను సహకారంతో, కిరండూల్ నుంచి కొత్తవలస వరకు ఇంచుమించు 445 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 1960వ దశకంలో నిర్మించారు. బైలాడిలా ఎర్రమన్ను విశాఖపట్నం రేవు మీదుగా విదేశాలకు వెళ్ళింది. విశాఖ ఉక్కు కర్మాగారపు కొలుములకూ చేరింది.

ఈ మార్గం నున్నని మైదానంలో సాగేది కాదు. ఖనిజపు బండి జగదల్‌పూర్ పీఠభూమిని దాటి, ఒడిశాలోని కోరాపుట్ కొండలను చుట్టి, అరకులోయ మీదుగా శిమిలిగుడ చేరుతుంది. ఆ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీరు లోయలో రైలు నడవక పూర్వం, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలోనూ అదే ఎత్తైనదని ప్రసిద్ధి. అక్కడి నుంచి బొర్రా గుహల పక్కగా, సొరంగాల గుండా, లోయల అంచుల వెంట బండి మైదానానికి దిగిరావాలి.

ఎక్కడం కష్టమని అందరికీ తెలుసు. వేల టన్నుల బరువుతో దిగడం అంతకంటె కష్టమని ఇంజను నడిపేవారికి తెలుసు. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు పట్టు తప్పితే ఆగదు.

పూర్వం కొండదారిలో ఎడ్లబండిని దింపేటప్పుడు వెనుక ఒక మొద్దును కట్టి ఈడ్పించేవారు. మొద్దు నేలను రాసుకుంటూ రావడం వలన బండి వేగం అదుపులో ఉండేది. రైలుబండి చక్రాలను బ్రేకు దిమ్మెలు ఒత్తిపట్టి ఆపడంలో ఉన్నదీ ఇదే ఉపాయం. కాని రాపిడి వేడిని పుట్టిస్తుంది. కాసేపైతే దిమ్మె, చక్రం తట్టుకుంటాయి. గంటల తరబడి వాటినే ఒత్తిపట్టి ఉంచితే రెండూ కాగిపోతాయి. కాగిన దిమ్మె పట్టు సడలుతుంది. సరిగ్గా పట్టు కావలసిన చోటనే అది జారిపోతుంది.

ఆ వేడి ఏపాటిదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 1,000 టన్నుల బరువు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగివస్తే, ఆ దిగడంలో విడుదలయ్యే శక్తి దాదాపు 2,450 యూనిట్ల విద్యుత్తుతో సమానం. రోజుకు 5 యూనిట్లు వాడుకునే ఒక ఇంటికి అది 490 రోజులకు సరిపోతుంది. ఇది 1,000 టన్నులకు మాత్రమే చెప్పిన లెక్క. ఖనిజపు బండి బరువు దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. ఇందులో కొంత భాగాన్ని గాలి, పట్టాల మీద చక్రాల దొర్లుడు తీసుకుంటాయి. మిగిలిన శక్తికి ఎక్కడో ఒకచోట దారి చూపాలి. శక్తి నశించేది కాదు. రూపం మార్చుకోవడమే దానికి తెలిసిన విద్య.

విద్యుత్ ఇంజను దానికి చూపిన దారి విచిత్రమైనది. ఇంజను చక్రాలను తిప్పే మోటారుకు విద్యుత్తు ఇస్తే అది తిరుగుతుంది. దానినే బయటి నుంచి బలవంతంగా తిప్పితే, అదే మోటారు విద్యుత్తును పుట్టించే జనరేటరుగా మారుతుంది. కొండ దిగుతున్న బండి చక్రాలు మోటార్లను తిప్పుతాయి. మోటార్లు విద్యుత్తును పుట్టిస్తాయి. అలా పుట్టించడంలోనే చక్రాలను వెనక్కు పట్టి నిలుపుతాయి. పుట్టిన విద్యుత్తును ఇంజనులోనే అమర్చిన లోహపు పట్టీల వరుసల గుండా పంపుతారు. ఆ పట్టీలు ఎర్రగా కాగేటంత వేడెక్కుతాయి. పంకాలు ఆ వేడిని బయటి గాలిలోకి వెళ్ళగొడతాయి. దీనికి రియోస్టాటిక్ బ్రేకు అని పేరు. కిరండూల్ మార్గానికి 1980వ దశకం ఆరంభంలో విద్యుదీకరణ జరిగింది. ఇటువంటి ఘాట్ మార్గాలలో పనిచేసిన విద్యుత్ ఇంజన్లకు ఈ బ్రేకు ప్రాణాధారం.

ఆ లోహపు పట్టీలే నిరోధకాలు. ఇంగ్లీషులో రెసిస్టర్లు అంటారు. రేడియో మూత విప్పి చూస్తే, గింజంత పరిమాణంలో, ఒంటి మీద రంగు చారలతో, రెండు పక్కలా తీగలతో కనిపించేవీ ఇవే. ఒకటి వేల టన్నుల బండికి కళ్ళెం వేస్తుంది. రెండవది ఒక బిందువంత వెలుగును అదుపులో ఉంచుతుంది. పని ఒక్కటే: అడ్డుపడడం. అయితే ఎంత అడ్డుపడాలో అంతే అడ్డుపడాలి. నిరోధకం విలువ అంతా ఆ కొలతలోనే ఉంది.

నిరోధం అంటే ఏమిటో చెరువు తూమును చూస్తే బోధపడుతుంది. చెరువులో నీటి ఎత్తు ఎక్కువైతే తూములో ప్రవాహం హెచ్చుతుంది. నీటి ఎత్తు మారకుండా తూమును ఇరుకు చేస్తే ప్రవాహం తగ్గుతుంది. విద్యుత్తులో నీటి ఎత్తు వంటిది వోల్టేజి. ప్రవాహాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. తూము ఇరుకుదనం వంటిదే నిరోధం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. ఈనాడు పాఠశాల పిల్లలు సైతం వల్లించే ఈ సూత్రాన్ని కనుగొన్నవాడు జార్జ్ సైమన్ ఓమ్ అనే జర్మను ఉపాధ్యాయుడు.

1789లో జన్మించిన ఓమ్ కొలోన్ నగరంలోని ఒక పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవాడు. 1825లో ఆయన చేసిన మొదటి ప్రయోగాలు తప్పు సూత్రాన్ని ఇచ్చాయి. లోపం తీగలలో లేదు, ఆయన లెక్కలో లేదు. వాడిన బ్యాటరీలో ఉంది. ఆ కాలపు బ్యాటరీ వోల్టేజి ప్రయోగం నడుస్తూండగానే మారిపోయేది. చెరువు మట్టం క్షణక్షణానికి మారుతూ ఉంటే తూమును కొలవడం ఎలా సాధ్యం? అప్పుడు ఓమ్ బ్యాటరీని వదలి, రాగి, బిస్మత్ లోహాలను జోడించిన ఉష్ణయుగ్మాన్ని ఆశ్రయించాడు. ఒక అతుకును మరిగే నీటిలో, మరొక అతుకును మంచులో ఉంచాడు. మరిగే నీరు, కరిగే మంచు తమ ఉష్ణోగ్రతలను మార్చుకోవు గనుక, వోల్టేజి స్థిరంగా నిలిచింది. అప్పుడు సత్యం బయటపడింది. 1827లో ఆయన తన సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రకటించాడు. స్వదేశంలో దానికి తొలుత ఆదరణ లభించలేదు. ఆయన కొలోన్ ఉద్యోగాన్ని విడిచిపెట్టాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో ఆయనను గౌరవించింది. 1854లో ఓమ్ మరణించాడు. 1881లో పారిస్ అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఆయన పేరును స్థిరపరచింది.

ఓం అనేది ఒక కొలత మాత్రమే. ప్రతి నిరోధకానికీ రెండవ కొలత ఒకటి ఉంది. అది వాట్లలో చెప్పే కొలత: కాలిపోకుండా అది ఎంత వేడిని భరించగలదో చెప్పేది. ప్రవాహం నిరోధం గుండా పోయినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి ప్రవాహం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1840 ప్రాంతంలో ఇంగ్లండు దేశీయుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ నిరూపించాడు. ఉదాహరణకు, 1 ఓం నిరోధం గుండా 500 ఆంపియర్లు ప్రవహిస్తే 2,50,000 వాట్ల వేడి పుడుతుంది. గదిని వెచ్చబరిచే 1,000 వాట్ల హీటర్లు 250 ఒకేసారి వెలిగించిన దానితో ఇది సమానం. ప్రవాహం రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే ఇంజనులోని నిరోధకం పట్టీల వరుసగా ఉంటుంది, దాని పక్కన పంకా తిరుగుతుంది. రేడియోలోని నిరోధకం మాత్రం గింజంత ఉన్నా సరిపోతుంది. రెండింటి ఓములు ఒకటే కావచ్చు. వాట్లు మాత్రం ఒకటి కావు. విరిగిన దాని స్థానంలో ఓములు మాత్రమే చూసి మరొకదాన్ని పెట్టినవాడు పొగను చూడవలసి వస్తుంది.

చిన్న నిరోధకం సంగతి తెలియడానికి బస్తర్ అడవి పల్లెలే చాలు. తీగలు చేరని పల్లెలలో ఎన్నింటికో తొలి విద్యుత్ వెలుగు సౌరఫలకం వలననే వచ్చింది. అటువంటి దీపంలో 6 వోల్టుల బ్యాటరీ, 3 వోల్టుల వద్ద వెలిగే ఒక ఎల్‌ఈడీ ఉన్నాయనుకుందాం. ఎల్‌ఈడీకి కావలసిన ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లు. దానిని బ్యాటరీకి సూటిగా తగిలిస్తే మితిమీరిన ప్రవాహంతో మాడిపోతుంది. మిగిలిన 3 వోల్టులను నిరోధకం తన మీద వేసుకోవాలి. 3ను 0.02తో భాగిస్తే 150 వస్తుంది. కావలసినది 150 ఓముల నిరోధకం. అందులో పుట్టే వేడి 0.06 వాటు, పావు వాటు రకం నిశ్చింతగా సరిపోతుంది.

ఆ 150 అనే అంకెను గింజంత వస్తువు మీద అచ్చువేయడం కష్టం గనుక, రంగు చారలతో సూచిస్తారు. నలుపు 0, గోధుమరంగు 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిదరంగు 8, తెలుపు 9. నాలుగు చారల నిరోధకంలో మొదటి రెండు చారలు రెండు అంకెలను, మూడవది వాటి పక్కన చేర్చవలసిన సున్నలను, నాలుగవది ఎంతమేరకు తేడా ఉండవచ్చునో తెలుపుతాయి. గోధుమరంగు, ఆకుపచ్చ, మళ్ళీ గోధుమరంగు, చివర బంగారు రంగు ఉంటే 1, 5, ఒక సున్న: 150 ఓములు. బంగారు రంగు నూటికి 5 పాళ్ళ తేడాను సూచిస్తుంది గనుక, అసలు విలువ 142.5కూ 157.5కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మూడవ చార గోధుమరంగు గాక నారింజ అయితే విలువ 15,000 ఓములు. మసక వెలుతురులో, వేడికి రంగు మారిన చారలలో, గోధుమరంగుకూ నారింజకూ తేడా తెలియడం సులభం కాదు. ఆ ఒక్క పొరపాటుతో ప్రవాహం నూరో వంతుకు పడిపోతుంది. చదువుకునే పిల్లవాడి ముందున్న దీపం మిణుకుమని ఊరుకుంటుంది. అందుచేత అనుభవం గల పనివాడు చారలను చదివి ఊరుకోడు, మీటరుతో కొలిచి చూస్తాడు.

కొలవడానికి కొన్ని నియమాలు ఉన్నాయి. మల్టీమీటరును ఓముల వైపు తిప్పినప్పుడు, అది తనలోని చిన్న బ్యాటరీ నుంచి కొద్ది ప్రవాహాన్ని పంపి నిరోధాన్ని లెక్కకట్టుతుంది. కనుక కొలవబోయే పరికరంలో మరొక విద్యుత్తు ఉండకూడదు. ప్లగ్గు తీసివేయాలి, బ్యాటరీ విప్పాలి, కెపాసిటర్లలో దాగిన విద్యుత్తును సైతం ఖాళీ చేయాలి. లేకపోతే కొలత తప్పడమే గాక మీటరు చెడిపోవచ్చు, మనిషికీ ప్రమాదమే.

రెండవది, నిరోధకం ఒక కాలునైనా పలక నుంచి విడదీసి కొలవాలి. దాని పక్కన ఇతర భాగాలు సమాంతరంగా కలిసి ఉంటే, మీటరు పంపిన ప్రవాహం ఆ పక్కదారులు కూడా పడుతుంది. చెరువుకు రెండవ తూము తెరిచినట్లవుతుంది. 150 ఓముల పక్కన మరొక 150 ఓములు ఉంటే మీటరు 75 చూపుతుంది. పక్క నిరోధాల వలన కొలత తగ్గుతుందే గాని పెరగదు. కనుక పలక మీదనే కొలిచినప్పుడు చారలు చెప్పిన దానికంటె బాగా ఎక్కువ కనబడితే, ఆ నిరోధకం చెడినదని దాదాపు తీర్మానించవచ్చు. తక్కువ కనబడితే మాత్రం తొందరపడి నింద మోపరాదు. లక్షల ఓములను కొలిచేటప్పుడు రెండు చివరలనూ చేతివేళ్ళతో పట్టుకోవడం కూడా పొరపాటే. మనిషి దేహమూ ఒక పక్కదారి అవుతుంది.

మూడవ నియమం చిన్న నిరోధాలకు సంబంధించినది. మీటరు తీగలకు కూడా కొంత నిరోధం ఉంటుంది. అది 0.2 ఓం అనుకుంటే, 150 ఓముల కొలతలో లెక్కలోనిది కాదు. బండికి కళ్ళెం వేసే 1 ఓం నిరోధకం దగ్గర అది నూటికి 20 పాళ్ళ తప్పు. అందుకే అటువంటి వాటిని నాలుగు తీగల పద్ధతిలో కొలుస్తారు. రెండు తీగలు ప్రవాహాన్ని పంపుతాయి; వేరొక రెండు తీగలు నిరోధకం చివరల మధ్య వోల్టేజిని మాత్రమే చూస్తాయి. చూసే తీగలలో ప్రవాహం లేనంత తక్కువ గనుక వాటి సొంత నిరోధం కొలతలోకి చొరబడదు. తూకం వేసినట్లు, తెలిసిన నిరోధాలతో తెలియనిదాన్ని సరితూచే పద్ధతి మరొకటి. 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ దానిని వివరించాడు. 1843లో చార్లెస్ వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చాడు. పేరు మాత్రం వీట్‌స్టన్ బ్రిడ్జి అనే నిలిచింది.

కాగిన నిరోధం, చల్లారిన నిరోధం ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. 230 వోల్టులతో వెలిగే పాతకాలపు 100 వాట్ల బల్బు ఫిలమెంటు నిరోధం లెక్క ప్రకారం 529 ఓములు. ఆర్పి, చల్లార్చి మీటరుతో కొలిస్తే అందులో పదో వంతు కూడా కనబడదు. మీటరు అబద్ధమాడలేదు, టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగినప్పుడు దాని నిరోధం అంతగా పెరుగుతుంది. రాగి నిరోధం సైతం ప్రతి సెంటిగ్రేడు డిగ్రీకి నూటికి దాదాపు 0.4 పాళ్ళు పెరుగుతుంది. బ్రేకు నిరోధకం వందల డిగ్రీల వరకు కాగినా తన కొలతను చాలావరకు నిలుపుకోవాలి. అందుకు నికెల్, క్రోమియం కలిపిన మిశ్రలోహాలు తగినవి. ఎర్రగా కాగినా ఇవి త్వరగా తుప్పుపట్టవు, నిరోధమూ అంతగా మారదు. ఇస్త్రీపెట్టెలోని నైక్రోం తీగది ఈ జాతే.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే, శిమిలిగుడ నుంచి దిగే బండి వీటి మీద ఆధారపడి ఉంటుంది. ఒక నిరోధకపు పట్టీ తెగిందనుకుంటే, మీటరు అనంతం చూపుతుంది. అంతులేని నిరోధం గుండా ప్రవాహమే ఉండదు. ప్రవాహం లేకపోతే ఆ దారిలోని మోటారు చక్రాన్ని పట్టదు. పూర్తిగా అడ్డుపడినది ఏమీ ఆపలేకపోతుంది. అలా గాక పట్టీలు ఒకదానికొకటి తగిలి నిరోధం సున్నకు చేరువైతే, ప్రవాహం వరదవలె పెరిగి మోటారునే కాల్చవచ్చు. తెగిన కళ్ళెం గుర్రాన్ని ఆపలేదు. బిగించి లాగిన కళ్ళెం గుర్రాన్ని పడగొడుతుంది. ఈ రెండు చివరల మధ్య, కట్టినవాడు లెక్కకట్టిన ఆ కొద్ది ఓముల దగ్గరనే బండి క్షేమంగా దిగుతుంది. పట్టీల నుంచి ఇంజను దేహానికి విద్యుత్తు కారకుండా చూడడం మరొక పరీక్ష. అక్కడ లక్షలాది ఓములను కొలిచే మెగ్గర్ అనే పరికరం అవసరమవుతుంది. ఒకచోట ఓములో భాగాలు లెక్కకు వస్తాయి. దాని పక్కనే లక్షల ఓములు ఉన్నా చాలవు.

ఈ బ్రేకుకూ హద్దు ఉంది. వేగం తగ్గే కొద్దీ మోటారు పుట్టించే విద్యుత్తు తగ్గుతుంది, పట్టు సడలుతుంది. బండిని పూర్తిగా నిలిపే పనిని చివరకు పాత బ్రేకు దిమ్మెలే చేయాలి. అయితే వాటిని దారి పొడవునా అరగదీయకుండా, ఆ చివరి ఘడియకు చల్లగా ఉంచి అప్పగించడమే నిరోధకాలు చేసిన మేలు.

1990వ దశకంలో భారతీయ రైల్వేలు మూడు ఫేజుల మోటార్లు గల ఇంజన్లను ప్రవేశపెట్టాయి. ఇవి దిగేటప్పుడు పుట్టిన విద్యుత్తును వేడిగా పారవేయక, పై తీగకే తిరిగి ఇవ్వగలవు. ఒక బండి దిగుతూ ఇచ్చిన శక్తి మరొక బండి ఎక్కడానికి అక్కరకు వస్తుంది. ఇది నిస్సందేహంగా మేలైన పద్ధతి. అటువంటి ఇంజనులో సైతం, ప్రవాహాన్ని కనిపెట్టి నియంత్రించే ఎలక్ట్రానిక్ పలకల మీద, రంగు చారల గింజల వంటి నిరోధకాలు తమ కొలత ప్రకారం అడ్డుపడుతూనే ఉంటాయి.

రియోస్టాటిక్ బ్రేకుతో దిగే ఖనిజపు బండి అనంతగిరి కొండలను దాటుతున్నప్పుడు, ఇంజను నుంచి వేడిగాలి వెలువడి అడవి గాలిలో కలిసిపోతుంది. బైలాడిలా మూపురం మీది నుంచి దిగివచ్చిన బరువు ఆ గాలిలోనే తన ఉరవడిని వదలుకొంటుంది. కిందికి చేరేసరికి బండి నెమ్మదిగా, మాట వినే ఎద్దులా, కొత్తవలస పట్టాల మీదికి మళ్ళుతుంది.